చేను లేని చోట మంద

పోయిన నెల మా ఇంటికి లావణ్య వచ్చింది. కలిగిరి అమ్మాయి, సైన్యంలో కొత్తగా లెఫ్టినెంటు అయింది. సెలవు పూర్తికాగానే ఒక కొండ జిల్లాలో చేరాలి. అక్కడ ఆపరేషన్లకు పథకాలు వేసే అధికారికి సహాయకురాలిగా ఉండడం ఆమె పని. ఆ పని నేను పదకొండేళ్ళు చేశాను. రిటైరై ఆత్మకూరులో ఉంటున్నానని తెలిసి వెతుక్కుంటూ వచ్చింది.

"ట్రైనింగులో మాకు రెండు వేల ఏళ్ళనాటి యుద్ధశాస్త్రం చెప్పినారు సార్. ఏనుగులు, కోటలు, వ్యూహాలు. ఇప్పుడు నెత్తిన డ్రోన్లు తిరగతుండాయి, ప్రతివోడి చేతిలో ఫోనుండాది. ఆ పాత శాస్త్రంతో ఇప్పుడేం పని సార్?" అని అడిగింది.

గంటసేపు మాట్లాడాను. ఆమె నోట్సు రాసుకుంది. నేను మాట్లాడుతుంటే ఎవరైనా రాసుకుని చాలా ఏళ్ళయింది, అందుకని ఇంకో పావుగంట ఎక్కువే మాట్లాడాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "మీ కాడికి పొమ్మనింది మా దేవదానం పెదనాయన సార్. ఆయన మీద తప్పు రాస్తే మీరొక్కరే నిలబడి కాపాడినారంట గదా" అంది.

"ఏదోలేమ్మా" అన్నాను.

ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. దేవదానాన్ని నేను కాపాడలేదు. ఆ అమ్మాయికి గంటసేపు చెప్పిందంతా నిజమే కానీ, అసలు చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను. ఆమె కోసమూ, ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసమూ.

గోడ మీద పటం

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. రేకుల షెడ్డు, గోడకు పటం, రంగు పెన్సిళ్ళు, చల్లారిపోయిన టీ. పథకం వేసేవాడు నిర్ణయం తీసుకోడు. నిర్ణయం తీసుకునే పెద్దాయనకు రెండు మూడు దారులు చూపించి, ఏ దారిన వెళ్తే ఏం దక్కుతుందో, ఏం పోతుందో చెప్తాడు. దక్కేది చెప్పడానికి అందరూ ముందుకొస్తారు. పోయేది చెప్పడానికే మనకు జీతమిస్తారు.

నా మొదటి కమాండరు పాత శాస్త్రమంటే ప్రాణం పెట్టేవాడు. భోజనాల బల్ల దగ్గర కూడా వ్యూహాల గురించే మాట్లాడేవాడు. మా ఉదయగిరి కొండెక్కి కోట చూసినవాళ్ళకు ముట్టడి అంటే విడమరచి చెప్పక్కర్లేదు. దారులు మూసెయ్యి, నీళ్ళూ తిండీ అందకుండా చెయ్యి, ఓపిగ్గా కూర్చో. కోట లోపల ఉన్నవాడు శత్రువు, బయట ఉన్నవాడు మనవాడు. మా కమాండరు ఈ లెక్కను ఎత్తుకెళ్ళి ఒక మామూలు కొండపల్లె మీద పెట్టాడు. ఊళ్ళో మిలిటెంట్లు దాక్కున్నారని కబురొస్తే తొమ్మిది రోజులు నాలుగు దారులూ మూయించాడు.

మిలిటెంట్లు మొదటి రోజే జారుకున్నారు. లోపల మిగిలింది నిండు గర్భిణి ఒకామె, జ్వరాలతో పిల్లలు, పొయ్యిలో పెట్టడానికి కట్టెల్లేని ఇళ్ళు. పదో రోజు దారులు తెరిచేసరికి, అప్పటిదాకా సగం మనవైపు ఉన్న ఊరు పూర్తిగా మొహం తిప్పుకుంది. కమాండరుకు మాత్రం అదొక విజయంగానే కనిపించింది. ఆయన మంచివాడు, జవాన్ల తిండి విషయంలో తల్లిలా చూసుకునేవాడు. కానీ ఊరిని కోట అనుకున్నాడు, చెప్పినా వినలేదు. అప్పుడు నేను కెప్టెనును, గట్టిగా చెప్పనూ లేదు.

నేను మిగుల్చుకున్నవి

ఆ దెబ్బతో పాత శాస్త్రమంతా చెత్తబుట్టలో వెయ్యాలనిపించింది. వెయ్యకపోవడమే మంచిదైంది. నా చేతిలో అరిగేదాకా వాడినవి కొన్ని ఉన్నాయి.

యుద్ధం ఎందుకు చేస్తున్నామో, అది ముగిసిన మర్నాడు ఆ ఊరు ఎలా ఉండాలో ముందే తేల్చుకోమని పాతవాళ్ళు పదే పదే చెప్పారు. ఇది చదివితే చాలా మామూలు మాట. షెడ్డులో ఇరవైమంది అధికారులున్నప్పుడు అడిగి చూడండి, ఇరవై జవాబులొస్తాయి. రోడ్డు తెరవాలని ఒకరు, ఫలానావాణ్ణి పట్టుకోవాలని ఒకరు, ఎన్నికలు ప్రశాంతంగా జరగాలని ఒకరు. నేను పనిచేసిన చోట్ల సగం తప్పులు ఇక్కడే మొదలయ్యాయి.

ఆయువుపట్టు అనే మాట ఇంకొకటి. ఎదుటివాడి బలమంతా దేని మీద నిలబడి ఉందో కనిపెట్టి దాన్ని పట్టుకోవాలి. పాతకాలంలో అది రాజధానో, సైన్యమో, రాజుగారి మనిషో. ఇప్పుడు ఒక ఫోను వీడియో మీద కూడా నిలబడి ఉండొచ్చు. వెతికే పద్ధతి మాత్రం అప్పటిదే పనికొస్తుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది మండలం. ఎమ్మార్వో ఆఫీసు ఉండే మండలం కాదు, మన పాత రాజనీతిలోది. సున్నాలు గీసుకుంటే మధ్యలో మనం. చుట్టూ శత్రువు, మిత్రుడు, శత్రువుకు మిత్రుడు, మిత్రుడికి మిత్రుడు. ఇద్దరిలో ఎవరివైపైనా మొగ్గగలిగే మధ్యముడు. ఎవరి గొడవా పట్టనట్టుండే ఉదాసీనుడు. రాజుల కోసం గీసిన ఈ సున్నాల్లో నేను ఊళ్ళనూ, కాంట్రాక్టర్లనూ, బడి పంతుళ్ళనూ, టాక్సీ యూనియన్నూ పెట్టేవాణ్ణి. ఇద్దరే ఉండే యుద్ధాలు ఎప్పుడో పోయాయి. ఆ కొండ జిల్లాలో మా బోర్డు మీద పదకొండు సున్నాలుండేవి. లావణ్యకు ఇక్కడిదాకా చెప్పాను. బోర్డు బొమ్మ కూడా గీసి చూపించాను. ఒక సున్నాలో నేను తప్పు పేరు రాసిన సంగతి చెప్పలేదు.

మంద

అప్పుడు నేను మేజరును. మా కమాండింగ్ ఆఫీసరు తక్కువ మాట్లాడే మనిషి. ఏ పథకం పెట్టినా ఆయన ప్రశ్న ఒకటే, "ఇది నీకెలా తెలుసు?" విసుగొచ్చేది నాకు.

దేవదానం మా గస్తీ హవల్దారు. వింజమూరు పక్క పల్లె వాళ్ళది, బాప్టిస్టు కుటుంబం, నాయన చిన్న రైతు. మాది ఉదయగిరి కొండ కింద గొర్రెలు కాసే కుటుంబం. అంత దూరంలో, ఆ చలిలో, మన యాసలో మాట్లాడేవాడు ఒకడు దొరికితే ఎంత హాయిగా ఉంటుందో అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. షెడ్డులో మిగతా అందరూ హిందీలో మాట్లాడుకుంటుంటే మేమిద్దరం ఉలవచారు గురించి తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం.

ఎండాకాలం మొదట్లో ఒక కనుమ దాకా గస్తీ పంపాల్సి వచ్చింది. వెళ్ళడానికి రెండు దారులు. ఒకటి వాగులోంచి, చుట్టు తిరుగుడు, నాలుగు గంటలు ఎక్కువ. రెండోది ఒక ఊరి మీదుగా పోయే కాలిబాట. ఆ ఊరు మాతో బాగుండేది, వాళ్ళ నీళ్ళ పైపులు మేమే బాగుచేయించాం. బోర్డు మీద వాళ్ళ పేరు మిత్రుడి సున్నాలో ఉంది. ఊరికి పైన, బాట పక్కన, రాళ్ళ వాలు మీద ఒక గొర్రెల మంద డ్రోన్ ఫోటోల్లో కనిపిస్తోంది. ఏటా మైదానం నుంచి కొండలకు తోలుకొచ్చే కాపరులది. ఆ కాపరులను ఏ సున్నాలో పెట్టాలో ఎవరికీ తెలియలేదు. నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను.

మన వైపు కోతలయ్యాక రైతులు గొర్రెల్ని పిలిపించుకుని కొన్ని రాత్రులు తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. పెంటా మూత్రమూ చేనుకు బలం. దాన్నే మంద కట్టడం అంటాం. ఇష్టం లేని కాపరిని ఏ రైతూ పిలవడు. మంద మూడు రాత్రులుగా అక్కడే ఉందంటే ఆ ఊరివాళ్ళు పిలిపించుకున్నట్టే. మిత్రుడికి మిత్రుడు మనకూ మిత్రుడే. బాట భద్రం. ఇదీ నేను కట్టిన లెక్క.

దేవదానం ఫోటోను కిటికీ వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాడు.

"సార్, ఈ మంద మూడు దినాలుగా ఈడే ఉండాది."

"ఉంటే ఏంది?"

"మేత లేదు సార్ ఈడ. అంతా రాళ్ళే."

"పగలు యాడన్నా మేపుకోనొస్తారు. రాత్రికి మంద కట్టుండారు. మన కాడ కట్టరా?"

"కడతారు సార్. మా నాయన కూడా కట్టించినాడు. చేలో కడతారు. ఈడ చేనేది సార్? చేను లేంది ఈ మంద ఎవురికి?"

అంత సూటిగా అడిగినవాణ్ణి నేనేం చేయాలి? కూర్చోబెట్టి ఇంకా అడగాలి. నాకేమో రోషమొచ్చింది. "గొర్రెల కాడ పుట్టినోణ్ణి నేను. మంద సంగతి నువ్వు నాకు చెప్తావేందిరా?" అన్నాను.

"సరే సార్" అన్నాడు. అప్పటిదాకా ఊరివాడిలా నిలబడ్డవాడు హవల్దారులా నిటారుగా నిలబడ్డాడు. పక్కనున్న ఇద్దరు సిగ్నల్ జవాన్లకు తెలుగు రాదు. ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే నేను ఆరో తరగతిలోనే హాస్టల్లో చేరాను. ఆ తర్వాత గొర్రెల్ని చూసింది సెలవుల్లోనే. మంద తోలడం మా వాళ్ళు చేసే పని, కట్టించుకోవడం దేవదానం వాళ్ళ నాయన చేసే పని. మందను ఎందుకు పిలుస్తారో పిలిచేవాళ్ళ కొడుకుకే బాగా తెలుస్తుంది. ఈ చిన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎనిమిదిమంది బయల్దేరారు. తొమ్మిది గంటలకు మందకు చాలా దూరంలో ఉండగానే నాలుగు కుక్కలు అరవడం మొదలుపెట్టాయి. కాపరులెవరూ వాటిని వెనక్కి పిలవలేదు. అది చూసి దేవదానం అందరినీ పడుకోమని చెయ్యి ఊపేలోపే పైన బండల్లోంచి కాల్పులు. ముందు నడుస్తున్న బిపిన్ అనే సిపాయి పడిపోయాడు. ఇరవైమూడేళ్ళవాడు, ఒడిశా నుంచి వచ్చినవాడు. దేవదానం అతణ్ణి భుజాన వేసుకుని కిందికి దిగాడు. రోడ్డు చేరకముందే ప్రాణం పోయింది.

తర్వాత తెలిసింది. ముసలి కాపరి కొడుకులిద్దరినీ మిలిటెంట్లు పైన పట్టి ఉంచారు. మందను అక్కడినుంచి కదిలించొద్దని చెప్పారు. ఆ కుక్కలు వాళ్ళకు కాపలా. కింది ఊరికీ కాపరులకూ మేత గొడవలతో ఎన్నో ఏళ్ళుగా పడదు. మిత్రుడికి మిత్రుడని నేను రాసినవాళ్ళు ఆ ఊరికి బద్ధశత్రువులు, పైగా బందీలు. మధ్యాహ్నానికి చచ్చిపడిన రెండు గొర్రెల వీడియో ఒకటి ఫోన్లన్నిటిలోకీ పాకింది, సైన్యం కాపరుల మందను కాల్చిందని. సాయంత్రానికి ఆ వీడియో చూడనివాడు జిల్లాలో లేడు. మేమిచ్చిన వివరణ ఎవరూ చదవలేదు.

మండలం లెక్క తప్పు కాదు లావణ్యా. సున్నాలో పేరు రాసింది నేను. మా ఊరి అలవాటును మోసుకెళ్ళి ఎవరి కొండ మీదో పరిచాను. మా మొదటి కమాండరు పుస్తకంతో చేసిన తప్పే నేను చిన్నప్పటి జ్ఞాపకంతో చేశాను. గొర్రెల మధ్య పుట్టినవాణ్ణి కాబట్టి నాకు తప్పు జరగదని ఒక పొగరు ఉండేది.

రెండు రోజులు

విచారణ మర్నాడే జరిగింది. కమాండింగ్ ఆఫీసరు అందరినీ నిలబెట్టి, "బయల్దేరే ముందు ఆ మంద గురించి ఎవరికైనా అనుమానం వచ్చిందా?" అని అడిగారు.

దేవదానం గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. నోరు విప్పితే నా పేరు చెప్పాలి. చెప్పలేదు. నేను చేతిలో కాగితాలు తిప్పుతూ కూర్చున్నాను. నేనూ చెప్పలేదు. గస్తీ నాయకుడు మందను సరిగా గమనించకుండా దగ్గరికి వెళ్ళాడని రిపోర్టులో రాశారు. ఆ సాయంత్రమే అది పైకి వెళ్ళింది. బిపిన్ శవంతో ఇంటికి వెళ్ళమని దేవదానానికే డ్యూటీ వేశారు. లారీ ఎక్కేముందు నాకు సెల్యూట్ చేశాడు. నేను ఎటో చూస్తూ సెల్యూట్ తీసుకున్నాను.

మూడో రోజు వెళ్ళి కమాండింగ్ ఆఫీసరుకు అంతా చెప్పాను.

ఆయన అడిగారు, "ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది సార్."

"దేనికి?"

"పేరు పోతుందని."

"అతని పేరు పోతే ఫరవాలేదా?"

ఆయన అప్పుడే సవరణ రాసి పంపారు. పైన అది కదలడానికి ఏడాదిన్నర పట్టింది. ఆలోగా దేవదానానికి నాయబ్ సుబేదారు అయ్యే వంతు దాటిపోయింది. హవల్దారుగానే ఇంటికి వచ్చాడు. నాకు ఒక మందలింపు ఉత్తరం వచ్చింది, అంతే.

ఆ తర్వాత నేను వేసిన ప్రతి పథకంలోనూ "నాకెలా తెలుసు" అని ఒక గడి పెట్టాను. కళ్ళతో చూశానా, ఎవరైనా చెప్పారా, నేనే అనుకుంటున్నానా. ఎవరైనా అడ్డు చెప్తే వాళ్ళ పేరూ, అన్న మాటా అన్నట్టే అక్కడ రాసేవాణ్ణి. అధికారి ముందు అది చదవాలంటే సిగ్గుగానే ఉంటుంది. మంచిదే. మరో రెండుచోట్ల ఆ గడి వల్లే పథకం మార్చాం, మనుషులు క్షేమంగా తిరిగొచ్చారు. లావణ్య తన నోట్సులో ఇది తప్ప మిగతావన్నీ కొట్టేసినా నాకు అభ్యంతరం లేదు.

వింజమూరు బస్సు

ఆ అమ్మాయి వెళ్ళిన వారం నాకు అన్నం సరిగా సయించలేదు. దేవదానం ఊరంతా నన్ను పొగుడుతున్నాడంటే, ఆ రెండు రోజుల సంగతి అతనికి తెలియదన్నమాట. ఆదివారం ప్రార్థన అయ్యే వేళ చూసుకుని వింజమూరు బస్సెక్కాను.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి నిమ్మతోటలో పాదులు చేస్తున్నాడు. మనిషి బాగా నెరిశాడు. నన్ను చూసి పార పక్కనపెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"అదేంది సార్, ఫోను చేసుంటే నేనే వద్దును గదా. కూర్చోండి, మజ్జిగ తెప్పిస్తా."

"మజ్జిగ తర్వాత తాగుదాం గానీ, నీకొక మాట చెప్పాల దేవదానం. మందను గురించి నువ్వు ముందే చెప్పినావని నేను వెంటనే చెప్పలేదు. రెండు దినాలు నోరు మూసుకోనుండినా. ఆ లోపలే నీమీద రాసేసినారు."

"తెలుసు సార్."

"ఎట్టా తెలుసు?"

"ఆ రెండు దినాలు మీరు నా మొహం చూళ్ళేదు. శవంతో పోయి తిరిగొచ్చినాక చూసినారు. అంతే గదా."

"మరి నేనేదో కాపాడినానని అందురికీ చెప్తుండావే?"

"మూడో దినమన్నా చెప్పినారు గదా సార్. అసలుకే చెప్పనోళ్ళను శానామందిని చూసినా."

సిగ్గులేకుండా చెప్తున్నాను, చాలా తేలిగ్గా అనిపించింది. మజ్జిగ వచ్చింది, తాగాను. దేవదానం నా మొహంలో ఆ నెమ్మదిని చూశాడనుకుంటాను.

"నాదేముండాది సార్" అన్నాడు. "పింఛనొస్తాది, తోట ఉండాది. బిపిన్ వాళ్ళమ్మకు చెప్పినారా?"

లేదని తల ఊపాను.

"నేను ఏటా పోతా సార్ ఆ వూరికి. అప్పుడు శవప్పెట్టె దించి వచ్చినా గదా, పోకపోతే బాగుండదని. ఆమె ప్రతిసారీ ఒకటే అడగతాది. కుక్కలు అరిసే కాడికి నా బిడ్డను ఎందుకు తీసకపోయినావని. నేను తల దించుకుంటా."

"నేనే పంపించినానని చెప్పకపోయినావా?"

"మీరు చెప్పాల్సిన మాట నేనెందుకు చెప్పాల సార్?"

కోపంగా అనలేదు. నిమ్మాకు ఒకటి తుంచి చేతిలో నలుపుతూ అన్నాడు. ఇన్నేళ్ళూ నేను దేవదానం పేరు గురించీ, నా పేరు గురించీ కుమిలాను. ఆ తల్లి ఒకతె ఉందనీ, తప్పు మనిషిని ఏటా నిలదీస్తోందనీ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పదకొండు సున్నాల్లో ఆమెకు చోటు లేదు.

"ఈసారి నేనూ వస్తా" అన్నాను. "ఆమెకు తెలుగు రాదు గదా. నేను చెప్తా, ఏటా పోయి నేర్చుకోనుంటావు, నువ్వు వాళ్ళ మాటలో చెప్పు."

"నేను చెప్పను సార్. రాసిస్తా, నేర్చుకోని మీరే చెప్పండి."

లోపలికి వెళ్ళి ఒక పెళ్ళి శుభలేఖ కవరు తెచ్చి, దాని వెనక ఒడియా వాక్యాలు మూడు తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చాడు. ఒక్కో దాని కింద అర్థం కూడా రాశాడు. ఆ మంద సంగతి ఈయన నాకు ముందే చెప్పాడు. నేను వినలేదు. నీ కొడుకును ఆ దారిన పంపింది నేను.

రైలు వచ్చే నెలలో. రోజూ పొద్దున వాకింగుకు పోతూ ఆ కవరు జేబులో పెట్టుకుని వల్లెవేస్తున్నాను. మొదటి రెండు వాక్యాలూ వచ్చేశాయి. మూడోది ఇంకా నోరు తిరగడం లేదు.